పోగు ఊదే ఓనరు గారు

“అతన్ని తీసెయ్యాలండీ” అంటూ ఓనరు గారు చొక్కా మీది ఉన్ని పోగు ఒకటి తీసి ఉఫ్‌మని ఊదారు. ఏలూరులో మా తివాచీల షెడ్డులో రేడియో పెట్టుకుని, ఇండియా క్రికెట్ టీములో ఎవరుండాలో రోజూ తేల్చేది ఆయనే. ఎవర్ని తీసేసినా అలా ఒక పోగు ఊదేవారు. ఎంత మర్యాదస్తుడో చెప్పలేను, కూలివాళ్లని కూడా అండీ అనే పిలిచేవారు.

ఆ రోజు వంతు ఒక పాత బ్యాట్స్‌మన్‌ది. నా పక్కనే, అదే మగ్గం మీద ముడులు వేస్తున్న మా నాన్న ఊరుకోలేకపోయారు.

“ఫామ్ అన్నాక వస్తుందండి, పోతుందండి. ఇన్నేళ్లు ఆడినోడు కదా, ఇంకొక్క సిరీస్ చూడాలండి.”

“పేరు చూసి ఎన్నాళ్లు ఆడిస్తారండీ? చేతులు చూడాలి గానీ.”

ఓనరు గారు మగ్గం దగ్గరకొచ్చి నాన్న వేసిన వరసలు వేలితో తడిమారు. అప్పటికి కొన్నాళ్లుగా నాన్న చేతులు వణికి ముడులు వదులవుతున్నాయి.

“మీ ఫామ్ కూడా పోయిందండీ, మస్తాన్ గారూ. రేపట్నుంచి రాకండి. మీ అమ్మాయి వస్తే చాలు.”

వేళాకోళం అనుకుని షెడ్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాన్న కూడా నవ్వబోయారు. ఓనరు గారు నాన్న భుజం మీది పోగు తీసి ఊదారు. గట్టిగా తిట్టుంటే నాకు కోపమైనా వచ్చేది.

మర్నాడు పొద్దున్న నాన్న చోట్లో కొత్తతను కూర్చున్నాడు. “ఆ వదులు వరసలు విప్పేయండమ్మా” అన్నారు ఓనరు గారు, ఎంతో మెల్లగా. నాన్న వేసిన ముడులు ఒక్కొక్కటీ విప్పాను.