మూడో దెబ్బకు మడిమ

నిన్న కోరుట్లలో స్నేహితురాలి పెళ్లి బరాత్. గడ్డిమంట మీద కాగుతున్న డప్పుల వాసన తగలగానే నా కాళ్లు ఆగలేదు. గుర్తుందా సిరిసిల్ల దోస్తులారా, ఆ వాసనకు మనం అన్నం పళ్లెం వదిలేసి గల్లీలోకి ఉరికేవాళ్లం!

మా బాపు సాంచలు నడిపేవాడు. ఆ మరమగ్గాల మోతకు చెవులు మందగించాయి. అయినా తీన్మార్ డప్పుకు ఎగరడంలో ఆయనే ముందు.

"గీ చెవిటి బావకు డప్పు ఆగినా తెల్వది, ఎగురుకుంటనే ఉంటడు" అని మా మామ ఎక్కిరించేవాడు. బాపు ఎక్కడ నవ్వులపాలవుతాడోనని నాకు భయం.

ఒక బరాత్‌లో ఆటగాళ్లను ఏడిపించడానికి డప్పులు ఉన్నట్టుండి ఆపేశారు. మామతో సహా అందరూ ఒక అడుగు ఎక్కువేశారు. బాపు ఒక్కడే కాలు గాల్లో ఆపి నిలబడ్డాడు.

"ఎట్ల తెలిసింది బాపూ?" అని ఆయన చెవిలో అరిచాను.

"డప్పు కొట్టెటోళ్ల అడుగులకెళ్లే పుట్టింది బిడ్డా గీ ఆట. రెండు దెబ్బలకు మోకాళ్లు వదులు చెయ్యాలె, మూడో దెబ్బకు మడిమ దించాలె. కొట్టెటోని భుజం జూడు, దెబ్బ కంటే ముందుగాల గదే ఆగుతది."

నిన్న కూడా డప్పులు హఠాత్తుగా ఆగాయి. చుట్టూ అందరూ తూలారు. మూడో దెబ్బ పడలేదు, నా మడిమ కూడా నేల తాకలేదు.

డప్పు ఆపిన తాత నవ్వాడు. "ఎవరి బిడ్డవే నువ్వు?"

"సిరిసిల్లల సాంచలు నడిపిన చెవిటాయన బిడ్డను తాతా!"

అక్కడ లేని బాపుకు కూడా వినబడేంత గట్టిగా చెప్పాను.