కంకర మీద మీసాల చేపలు

1964 జూన్‌లో నన్ను మంచిర్యాలకు ఫిషరీస్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. చెరువుల్లో బొచ్చె, రవ్వ చేపపిల్లల్ని వదిలించడం, మత్స్యకారుల సొసైటీలకు లైసెన్సులు ఇప్పించడం నా పని. గాజు తొట్టిలో పెంచే చేపల గురించి శిక్షణలో ఒక్క ముక్క చెప్పలేదు.

చేరిన నెలకే గని ఆస్పత్రి డాక్టరు గారి భార్య సులోచన గారు కబురు పెట్టారు. ఆమె బొంబాయి నుంచి నీళ్ళ డబ్బాలో ఆరు కోరిడోరాస్ చేపల్ని తెచ్చుకుని గాజు తొట్టిలో వదిలారు. అవి దక్షిణ అమెరికా నదుల చేపలు. బొటనవేలంత ఉంటాయి. ఒంటికి పొలుసుల బదులు పెంకుల కవచం, మూతి కింద మీసాలు. అప్పటికే రెండు చచ్చిపోయాయి. మిగిలిన నాలుగూ మాటిమాటికీ పైకి దూసుకొచ్చి గాలి మింగుతున్నాయి. మీసాలు సగానికి అరిగాయి.

"ఇవి కూడా పోతే ఈ ఊళ్ళో నాకు మాట్లాడే తోడు ఉండదండీ" అన్నారామె, నవ్వుతూనే. కళ్ళు మాత్రం నవ్వలేదు.

జబ్బు చేసిన చెరువు చేపపిల్లలకు చేసినట్టే ఉప్పునీటి స్నానం చేయిద్దామన్నాను. బేసిన్లో ఉప్పు కలుపుతుంటే ఇల్లు ఊడుస్తున్న పనిమనిషి మల్లమ్మ చీపురు పక్కన పెట్టింది. ఆమె భర్త గోదావరిలో వల వేస్తాడు.

"సారూ, జర ఆగుండ్రి. గివి మా గోదారి జెల్ల చేపల లెక్కనే ఉన్నయి. జెల్ల ఇసుకల మూతి పెట్టి దేవులాడుతది. గీ కంకరల దేవులాడితే మీసాలు ఉంటయా?"

తొట్టిలో చెయ్యి పెట్టాను. అడుగున పరిచింది పగలగొట్టిన రాయి. అంచులు వేలికి గుచ్చుకున్నాయి. సందుల్లో కుళ్ళిన మేత పైకి తేలి మురుగు వాసన కొట్టింది. చేపలు గాలికి పైకి రావడానికి కారణమూ అదే. సిగ్గేసింది. ఉప్పునీళ్ళు పారబోశాను.

మర్నాడు మల్లమ్మ భర్త గంపెడు సన్నటి గోదావరి ఇసుక తెచ్చాడు. ఆ భార్యాభర్తలూ నేనూ కూర్చుని తేటనీరు వచ్చేదాకా కడిగాం. కంకర తీసేసి ఇసుక పరిచి, సగం నీళ్ళు మార్చి, చల్లటి బావినీళ్ళు పోశాం. చేపలు కళ్ళదాకా ఇసుకలో మూతి దూర్చాయి.

నాలుగో రోజు "వెంటనే రండి" అని కబురు. చచ్చిపోయాయనుకుని సైకిలు తొక్కుకుంటూ పోయాను. అద్దానికి సగ్గుబియ్యంలా గుడ్లు అంటుకుని ఉన్నాయి. చల్లటి నీళ్ళు పడితే వానాకాలం అనుకుని గుడ్లు పెట్టే జాతి అని తర్వాత చదివాను.

"చూసిండ్రా సారూ! గారోజు ఉప్పుల ఏస్తే గివి తొక్కయితుండె" అంది మల్లమ్మ. తొక్కు అంటే అక్కడ ఊరగాయ పచ్చడి. సులోచన గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

జబ్బుకు మందు రాసే ముందు చేప బతికే చోటును చేత్తో తడిమి చూడాలని, రోజూ చేపలతో ఉండేవాళ్ళను అడగాలని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత సర్వీసంతా చెరువు తనిఖీ ఫారంలో 'అడుగు మట్టి' అనే గడిని నేను ఖాళీగా వదల్లేదు.