సొరచేప పళ్ళ కోసం పెట్టుకున్న ప్రయాణం

మా పుట్టింటి ఊరికి దగ్గర్లో, గోదావరి అవతల ఒడ్డున, సున్నపురాయి క్వారీ ఒకటి ఉండేది. చిన్నప్పుడు నేనూ మా అన్నయ్యా ఆ రాళ్ళ పొడిలో కూర్చుని నల్లటి మొనదేలిన ముక్కలు ఏరేవాళ్ళం. నున్నగా, మెరుస్తూ, అంచు రంపంలా ఉండేవి. మేము వాటిని కాకిముక్కులు అనేవాళ్ళం. అవి ఎప్పుడో ఆ నేల సముద్రమై ఉన్న కాలంలోని సొరచేపల పళ్ళని, క్వారీ చూడటానికి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళు అన్నయ్యకు చెప్పారు. అప్పటికి నాకు పెళ్ళయి, తుంగభద్ర కాలువ కింద గోరేబాళ దగ్గర, మా వైపు రైతులు వలస వచ్చి స్థిరపడిన క్యాంపుకు కాపురానికి వచ్చేశాను. ఒక పన్ను మాత్రం కుంకుమ భరిణెలో వేసుకుని తెచ్చుకున్నాను.

నేను వచ్చిన కొన్నేళ్ళకు ఒక వేసవిలో అన్నయ్య కబురు చేశాడు. క్వారీ పని ఆగిపోతోందట, తవ్విన గుంటల్లో నీళ్ళు నిండితే ఇక ఏమీ దొరకదట, ఏరుకోవాలంటే ఇప్పుడే రమ్మన్నాడు. నా ముఖం చూసి మా ఆయన వెంటనే సరే అన్నారు. కాలువకు నీళ్ళు కట్టేసిన రోజులు. మళ్ళీ నీళ్ళు వదిలి నారుమళ్ళు పోసే దాకా పొలంలో పెద్దగా పని లేదు. బస్సులో రాయచూరు, అక్కడి నుంచి రైలు. ఎక్కడెక్కడ మారాలో ఆయన వాకిట్లో పుల్లతో గీసి చూపించారు. నేను సుత్తి, సన్నకళ్ళ జల్లెడ, పళ్ళు విరక్కుండా చుట్టడానికి పాత చీర పేలికలు, ఒక బిస్కెట్ల డబ్బా సర్దుకున్నాను. సుత్తి మోగినప్పుడల్లా మా ఆయన నవ్వేవారు. పుట్టింటికి పసుపూ కుంకుమల కోసం వెళ్ళేవాళ్ళను చూశాను గానీ సుత్తితో వెళ్ళేదాన్ని నిన్నే చూస్తున్నాను అనేవారు.

చిక్కల్లా ఇంటి దగ్గరే. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఈనిన గేదె ఒకటి. ఎవరు చూసుకుంటారని అనుకుంటుంటే, నాట్లకూ కలుపులకూ మా దగ్గరికి వచ్చే పెద్దావిడ పేరెత్తారు అత్తగారు. ఆవిడది పక్క ఊరే, రాయచూరు వైపు తెలుగు మాట్లాడేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. "ఆవిడైతే నమ్మకం. ఈ ఇంటి ముందున్న పొలం చెక్కంతా ఒకప్పుడు వాళ్ళదేగా" అన్నారు అత్తగారు, మామూలుగా, చేట చెరుగుతూ.

నాకు అంతవరకూ తెలియదు. కాలువ రాకముందు, వానలు లేని ఏళ్ళలో, వాళ్ళు ఆ నేల మా మామగారికి అమ్మేశారట. తర్వాత నీళ్ళొచ్చాయి. ఏ మళ్ళలో ఆవిడ నడుం వంచి నాటు వేస్తుంటే నేను గట్టు మీదికి మజ్జిగ తీసుకెళ్ళేదాన్నో, అవి ఆవిడ అత్తవారి మళ్ళు. మోసం ఏమీ జరగలేదు. బలవంతం చేయలేదు. అయినా అది విన్న రోజు నుంచీ ఆవిడ ఎదురొస్తే నా తల వంగిపోయేది. ఆ నేల మీద పండినదానితో నేను రాతి పళ్ళు ఏరుకోవడానికి సరదాగా బయల్దేరుతున్నాను. ఆ ఇంటికి ఆవిడ కాపలా.

ఒకరోజు పాలు పితకడం చూసుకోవడానికి వచ్చి, గోడకు ఆనించిన జల్లెడ చూసింది. ఊరికి జల్లెడ ఎందుకని అడిగింది. భరిణెలోని పన్ను తీసి చేతిలో పెట్టి, ఉన్న సంగతి చెప్పాను. బొటనవేలితో అంచు తడిమింది. ఆ చేప ఇప్పుడు లేదు గదా, దాని పన్ను ఎవరికీ పనికిరాదు గదా అంది. అవునన్నాను. "నీ మనసుకైతే పనికొస్తది. పోయి రా బిడ్డా, ఇంటి ఫికర్ పెట్టుకోకు" అంది. ఆవిడ వద్దని సణిగి ఉంటే నాకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

బయల్దేరే రోజు పొద్దున్నే ఆవిడ వచ్చేసింది. అత్తగారికి మందు ఎప్పుడు వేయాలో, గేదెకు తవుడు ఎక్కడుందో అప్పగించి, మేము బస్సు ఆగే చోటికి నడిచాం. అక్కడ ఆవిడ ఊరి మనిషి ఒకామె కనబడి, పెద్దమ్మ మీ ఇంట్లో ఉందా అని అడిగింది. ఆవిడ కూతురికి తెల్లవారుతూనే నొప్పులు మొదలయ్యాయట, తొలిచూలు, బిడ్డ అడ్డం తిరిగిందేమోనని మంత్రసాని భయపడుతోందట. బండి కట్టి సింధనూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. తల్లి మాత్రం, మాట ఇచ్చానని మా ఇంటికి వచ్చింది.

బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు. మా ఆయన ఇద్దరం ఆగిపోదామన్నారు. అక్కడ అన్నయ్య స్టేషన్‌కు వచ్చి ఎదురుచూస్తుంటాడు, మీరైనా వెళ్ళండి అని జల్లెడా డబ్బా ఆయన చేతిలో పెట్టి పంపేశాను. కండక్టర్ తొందరపెడుతున్నాడు గనక ఆయన ఎక్కేశారు.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. పెద్దమ్మ పాకలో పేడ ఎత్తుతోంది. నన్ను చూసి తట్ట కింద పెట్టింది.

"ఎందుకొచ్చినవ్?"

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళు పెద్దమ్మా. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు పోకుంటుంటివి గదా. నా వదినె ఉంది ఆడ."

నాకు ఏడుపు ఆగలేదు. మీ నేల మేము తీసుకున్నాం, ఇప్పుడు నీ కూతురి దగ్గర కూడా లేకుండా చేశాను అనేశాను. ఆవిడకు కోపం రావడం నేను చూసింది అప్పుడే.

"జమీన్ మేమే అమ్మినం. మీరు గుంజుకోలె. అమ్మిననాడు మేము ఏడ్చినం, అయిపాయె. నన్ను చూసినప్పుడల్లా నువ్వు తలకాయ దించుకుంటవ్. నీ బాధ గూడ నేనే మొయ్యాల్నా?"

ఆవిడ చేతులు కడుక్కుని, కొంగు బిగించుకుని, తర్వాతి బస్సుకు వెళ్ళిపోయింది. నేను మిగిలిన పేడ ఎత్తాను. సాయంత్రం దాకా ఏ కబురూ లేదు. అత్తగారు గుమ్మంలోనే కూర్చుని దారి చూశారు. చీకటి పడే వేళకు ఆ ఊరి బండతను అటుగా వెళ్తూ చెప్పాడు: ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. బిడ్డ భూమ్మీద పడే సరికి పెద్దమ్మ అక్కడికి చేరిందో లేదో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. చేరలేదని పురుటింటికి వెళ్ళినప్పుడు తెలిసింది. ఆ సంగతి ఆవిడ నాతో ఎన్నడూ అనలేదు.

మా ఆయన వారం తర్వాత వచ్చారు, ముఖం నల్లగా కమిలిపోయి, భుజాన గోనెసంచితో. ఎండలో కూర్చుని ఒక్కరే జల్లించారట. అరుగు మీద సంచి కుమ్మరిస్తే అన్నీ రాయిగా మారిన ఆల్చిప్పలు. పన్ను ఒక్కటీ లేదు. ఇవి కావా అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆయన అరచేతుల్లో బొబ్బలు చూసి ఆ నవ్వుకు సిగ్గుపడ్డాను.

మరుసటి వేసవికి క్వారీ పక్క గుంట ఒకటి ఇంకా పొడిగానే ఉందని అన్నయ్య చెప్పాడు. ఈసారి మా ఆడపడుచు వచ్చి ఇంట్లో ఉంది. నాతో రమ్మని పెద్దమ్మను అడిగాను. ఇలా బాకీ తీర్చేద్దామనుకున్నానేమో, నాకే తెలియదు. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, రైలెక్కలేదు ఎప్పుడూ, వస్తానంది.

క్వారీలో నాకు చిన్న పన్ను దొరికింది, మొన విరిగినది. ఆవిడకు ఆ వెతుకులాట మీద ఆసక్తి లేదు. రాళ్ళ నీడన కూర్చుని మా వదినతో కబుర్లు చెప్పింది. తర్వాత అన్నయ్య మమ్మల్ని నరసాపురం మీదుగా సముద్రానికి తీసుకెళ్ళాడు. ఆవిడ చీర ఎగదోపుకుని చీలమండల లోతులో నిలబడింది. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నోట్లో వేసుకుని ఉమ్మేసింది.

"గిన్ని నీళ్ళుండి ఒక్క మడిగ్గూడ పారవా?"

పారవన్నాను. ఆ తర్వాత మనం వెళ్ళే రైలు ఎప్పుడని అడిగింది.

"కాల్వకు నీళ్ళిడిచే లోపల ఇంటికి పోవాలె బిడ్డా. నాట్లకు మనుషులు దొరక్కపోతే మీరు పరేశాన్ అయితరు."

ఒకప్పటి తన మళ్ళ గురించే అయినా, మీరు, అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే మా నాట్ల గురించే ఆలోచిస్తోంది. నేను అలల వైపు చూస్తూ, మనుషులు దొరుకుతారులే పెద్దమ్మా, ఇంకాసేపు ఉందాం అన్నాను. సరేనని ఇసుకలో కూర్చుని, తడిసిన చీర అంచు పిండుకుంది.