తాడు ఎవరు విప్పాలి

సూరయ్యగారు ముప్పయ్యొక్క సంవత్సరాలు పంటు మీద కళాసీగా పనిచేశారు. మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, కొబ్బరికాయల బస్తాలనీ గోదావరి దాటించే ఆ పంటు రేవు వదిలేటప్పుడు ఒడ్డున గుంజకి కట్టిన తాడు విప్పి, అందరికంటే ఆఖరున గెంతి ఎక్కేది ఆయనే. బ్రిడ్జి వచ్చాక పంటు ఆగిపోయింది. ఇప్పుడాయన రాజోలు దగ్గర మా వీధి చివరి ఇంట్లో ఈనెలు చీరి చీపుళ్లు కడతారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఈనెలు ముట్టుకోరు. ఆ పూట అరుగు మీద యుద్ధం నడుస్తుంది.

యుద్ధభూమి ఒక పాత తలుపు చెక్క. దాన్ని రెండు స్టూళ్ల మీద పరిచి, ఒక అంచున నీలం పెయింటుతో ఏరు, దాని పక్కన గట్టు, మిగతాదంతా సున్నంతో గళ్లు గీశారు. పొలాల వైపు నుంచి బందిపోట్లు వస్తారు. వాళ్లు ఇరవై నాలుగు చింతపిక్కలు. వేలితో మీటితే వెళ్లి తగిలిన కాయ చచ్చినట్టే. ఎదుర్కొనే కాపలావాళ్లు ఎనిమిది గచ్చకాయలు. ఊరి జనం పదహారు గురివింద గింజలు. కొబ్బరి చిప్ప పంటు నాలుగు ట్రిప్పులు తిరిగేలోపు జనాన్నంతా దాటించాలి. ట్రిప్పుకి ఎందరు ఎక్కొచ్చో ఆరు గవ్వలు వేసి చూస్తారు. వెల్లకిలా పడ్డవెన్నో అందరు. ఆఖరి ట్రిప్పులో ఒకరు గుంజ దగ్గర నిలబడి తాడు విప్పాలి. ఆ ఒక్కరూ ఒడ్డునే ఉండిపోతారు.

“నిజం పంటైతే విప్పి గెంతేవాణ్ణండి. ఇక్కడ గెంతడానికి వ్యవధి ఉండదు,” అంటారు సూరయ్యగారు.

ఎప్పుడూ కాపలావాళ్ల పక్షం ఆయనదే. బందిపోట్లు జిరాక్సు షాపు రాజబాబువి. ఎప్పుడూ ఓడిపోయేది సూరయ్యగారే. గచ్చకాయలన్నీ పోగొట్టుకుని, ఆఖరిదాన్ని గుంజ దగ్గర నిలబెట్టి, అయినా ఒకటో రెండో గింజలు దాటించలేక, “పోయిందండి,” అని నవ్వి చెక్క ఎత్తేసేవారు.

నేను అమలాపురంలో ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. పెరిగింది మండపేటలో, పంటు ఎక్కింది రెండుసార్లు. నాకు ఆరేళ్ల కూతురు ఉంది. మా అమ్మ పేరే పెట్టుకున్నాం, ఉమాదేవి అని. దాని విషయంలో నాకు భయం ఎక్కువ. కాచిన నీళ్లు మళ్లీ కాస్తాను. సూరయ్యగారి అరుగు మీద నేను మొదట చూసింది ఆటని కాదు, గురివింద గింజల్ని. వాటి పప్పులో విషం ఉంటుంది. నోట్లో పెట్టుకోవద్దని ఉమకి పదిసార్లు చెప్పాను.

“ఏవండీ మాస్టారూ, ఇవాళైనా కూచుంటారా, నిలబడే సలహాలిస్తారా?” అన్నాడు రాజబాబు ఆ ఆదివారం.

“కూచుంటాను. సూరయ్యగారు కాపలావాళ్లని ఊరికే చంపేసుకుంటున్నారు. ఎనిమిదిలో నలుగుర్నైనా బతికించి చూపిస్తాను.”

“అబ్బో! కాయితం మీద లెక్కేసుకొచ్చేరా ఏంటి?”

నిజంగానే వేసుకొచ్చాను. ఏ గవ్వ ఎన్నిసార్లు వెల్లకిలా పడుతుందో రెండు రాత్రులు ఇంట్లో వేసి చూసి, పట్టిక రాసి జేబులో పెట్టుకున్నాను.

సూరయ్యగారు లేచి తన పీట నాకిచ్చారు. “ఆయ్, కూచోండి. ఒక్క గింజ ఒడ్డున మిగిలినా ఆట పోయినట్టేనండి. అది గుర్తెట్టుకోండి.”

పదహారులో ఒకటంటే ఆరు శాతం. ల్యాబులో ఆరు శాతం తేడా వస్తే ప్రయోగం బాగా వచ్చిందనే అనుకుంటాం. ఆ మాట పైకి అనలేదు గానీ అనుకున్నాను.

ఉమ గింజల్లోంచి అంచు చిట్లినదొకటి ఏరింది. “నాన్నా, ఇది నేను. గుంజ దగ్గర పెడుతున్నా. అక్కడైతే ముందు ఎక్కేయొచ్చు.”

“సరే. చెయ్యి నోట్లో పెట్టుకోకు,” అన్నాను పట్టికలోంచి తల ఎత్తకుండా.

ఆట బాగా సాగింది. గచ్చకాయల్ని గట్టు మీద చెల్లాచెదురుగా పెట్టకుండా జంటలుగా నిలిపాను. రెండు ట్రిప్పులయ్యేసరికి ఇద్దరే పోయారు. రాజబాబు నవ్వు తగ్గింది. మూడో ట్రిప్పుకి మరో ఇద్దరు. ఆఖరి ట్రిప్పు వచ్చేసరికి ఒడ్డున నాలుగు గచ్చకాయలు, మూడు గింజలు మిగిలాయి. గవ్వలు వేశాను. ఆరూ వెల్లకిలా పడ్డాయి.

నలుగురు. నేనన్నట్టే నలుగురు. నాలుగు గచ్చకాయల్నీ చిప్పలో వేసి, చేతికి దగ్గరగా ఉన్న రెండు గింజల్ని కూడా వేశాను. “చూడండి రాజబాబుగారూ,” అన్నాను.

“తాడెవరు విప్పుతారండీ?” అన్నారు సూరయ్యగారు మెల్లగా.

“గుంజ దగ్గర ఒకటి మిగిలింది కదండీ. అదే విప్పుతుంది.”

సూరయ్యగారు ఆ గింజ వంకే చూస్తున్నారు. చిట్లిన అంచు నాకప్పుడు కనిపించింది.

“అది నేనే నాన్నా,” అంది ఉమ.

చిప్పలోంచి ఒక గచ్చకాయని తీద్దామని చెయ్యి చాపాను. రాజబాబు చింతపిక్కలు అప్పటికే గుంజ పక్క గడిలోకి వచ్చేశాయి. అతను వాటిని మీటే వేలు వెనక్కి లాక్కుని ఊరుకున్నాడు. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి, నా మొహం చూడలేక అరుగు కింద చెప్పులు వెతుక్కున్నాడు.

ఉమ ఏడిస్తే బాగుండేది. అది సూరయ్యగారి వైపు తిరిగి, “నాకు ముడి విప్పడం వచ్చు తాతగారూ. షూ లేసు నేనే విప్పుకుంటా. నాన్నావాళ్లు వెళ్లిపోవచ్చు,” అంది.

ఆయన ఆ గింజ తీసి ఉమ అరచేతిలో పెట్టారు. మమ్మల్ని గేటు దాకా సాగనంపుతూ, ఉమ నాలుగడుగులు ముందుకెళ్లాక, నాతో అన్నారు.

“ఒక వరదప్పుడండి. తాడు విప్పమని మా తమ్ముడికి చెప్పి నేను ముందు గెంతేసేను. భయమేసింది, అంతే. వాడు విప్పేడు. గెంతలేకపోయేడు.”

“అయ్యో. మరి?”

“బతికేడండి. తెల్లారి గట్టు మీద చెట్టు కొమ్మని పట్టుకుని దొరికేడు. వాడు పోయి మూడేళ్లయింది. బతికున్నన్నాళ్లూ నన్ను అన్నయ్యా అనే పిలిచేడు. ఒక్క మాట అన్లేదు. అదేనండి కష్టం.”

ఆయన అరచేతుల్లో తాడు ఒరిసిన గీతలు ఇంకా ఉన్నాయి. గేటు వేస్తుంటే కనిపించాయి.

ఇంటికెళ్లగానే ఉమ వాళ్లమ్మకి చెప్పింది. “అమ్మా, ఇవాళ తాడు నేనే విప్పేను. నాన్నావాళ్లందరూ పంటెక్కి వెళ్లిపోయేరు.”

“పిల్లని ఒడ్డున ఒదిలేసి వచ్చేరా! బాగానే ఉంది,” అని శాంతి నవ్వింది. ఆటేలే అన్నాను. పెరట్లోకి వెళ్లి సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. విషం ఉన్న గింజ ఉమ పట్టుకుంటే భయపడ్డవాణ్ణి. ఆ గింజ తనేనని అది చెప్పినా వినిపించుకోలేదు.

మళ్లీ ఆదివారం అడిగి మరీ కూర్చున్నాను. ఈసారి పట్టిక తీసుకెళ్లలేదు. ఉమ నా వెనకాల నిలబడింది.

“ఏంటి మాస్టారూ, లెక్క మర్చిపోయేరా? వరసగా చస్తున్నారు మీవాళ్లు,” అన్నాడు రాజబాబు.

“చావనివ్వండి.”

ఏడుగురు పోయారు. ఆఖరి ట్రిప్పులో నాలుగు వెల్లకిలా పడ్డాయి. ఒడ్డున ఉన్న గింజలన్నీ ఎక్కించి, మిగిలిన ఒక్క గచ్చకాయనీ గుంజ దగ్గర నేనే నిలబెట్టాను. సూరయ్యగారి వైపు చూశాను. ఆయన అవతలి ఒడ్డుకు చేరిన గింజల్ని వేలితో జరుపుతూ ఎంచుతున్నారు.

“పదిహేనేనండి. ఒకటి తక్కువ.”

స్టూళ్ల కింద చూశాం. రాజబాబు చాప ఎత్తి దులిపాడు. ఉమ గుప్పిట వెనక్కి పెట్టుకుని ఉంది.

“ఈసారి నేను ఊళ్లో లేను తాతగారూ. ఊరికే చూస్తున్నా,” అంది.

“ఊరంతా దాటితేనే గెలుపు. పోయిందండి,” అన్నారు సూరయ్యగారు. ఈసారి ఆయన నవ్వలేదు.

ఉమ గుప్పిట తెరిచి నాకు చూపించింది. అంచు చిట్లిన ఆ గింజ చెమటకి మెరుస్తోంది. నేను చెయ్యి చాపకముందే మళ్లీ మూసేసింది.

“చేతులు కడుక్కోవాలమ్మా,” అన్నాను.