అక్క తాళంచెవి

అక్క పోయింది. బుధవారం మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీస్తుండగా బావ ఫోన్ చేశాడు. "అమ్మా, మీ అక్క లేదిగ," అన్నాడు. గిన్నెకు మళ్లీ మూత పెట్టేశాను.

సొంత అక్క కాదు. నల్లగొండలో మా చిన్న ఆఫీసులో నాకు పని నేర్పిన మనిషి. చేరిన రోజు మేడమ్ అని పిలిస్తే, "గా మేడం గీడం నా తాన నడవది, అక్కా అను," అంది. ఆమె పోయాక నా మీద ఒక పని పడింది. మా సర్వర్లన్నింటిలో ఆమె తాళంచెవి ఇంకా ఉంది, దాన్ని తీసెయ్యాలి. మనిషి వెళ్లిపోతే ఆ పూటే తాళంచెవి తీసెయ్యాలన్నది మా ఆఫీసు నియమం. ఆ నియమం పెట్టింది అక్కే. నేను పన్నెండు రోజులు తియ్యలేదు.

మా పని గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మేము చూసుకునే సర్వర్లు మా కళ్లెదుట ఉండవు, ఎక్కడో ఊరుగాని ఊళ్లో ఉంటాయి. నల్లగొండలో కూర్చుని ఎస్ఎస్‌హెచ్ అనే దారి గుండా వాటి లోపలికి వెళ్లి, స్క్రిప్టులు, అంటే వరుసగా రాసిన ఆజ్ఞలు, నడిపి పని చేయిస్తాం. లోపలికి వెళ్లడానికి ఒక్కొక్కరికి ఒక తాళంచెవి. ఇనుపది కాదు, ఒక పొడుగాటి అక్షరాల వరుస, దాని చివర మనిషి పేరు. ఏ సర్వర్‌లో ఏముండాలి, ఎవరెవరి తాళంచెవులు ఉండాలి, అంతా ఒకచోట రాసిపెట్టుకుంటాం. రాసినట్టే సర్వర్లు తయారవుతాయి. ఆ రాతలో ఒక వరుస కొట్టేస్తే, స్క్రిప్టు వెళ్లి అన్ని సర్వర్లలోంచీ దాన్ని తీసేస్తుంది. చెప్పుకుంటే చాలా తేలిక పని.

అక్కది ఆత్మకూర్ దగ్గర ఒక పల్లె. పుట్టిల్లూ అత్తిల్లూ గొర్రెలు కాసేవాళ్లవే. ఏదో ఆఫీసులో ఫారాలు టైపు చేసే పనికి చేరి, ముప్పై దాటాక వాళ్లనూ వీళ్లనూ అడిగి అడిగి ఈ విద్య పట్టింది. బావ మందతో ఊళ్లో, ఆమె ఇక్కడ కిరాయి గదిలో. శనివారం బస్సెక్కి పోయేది, సోమవారం జొన్నరొట్టెల మూటతో దిగేది. తెలంగాణ వచ్చిన మరుసటేడు నేను పానగల్ నుంచి వచ్చి ఆమె కింద చేరాను. నా మార్కులు బాగానే ఉండేవి, పొగరు ఇంకా బాగుండేది.

కొత్త సర్వర్‌ను పుట్టించి, వెంటనే దాంట్లోకి స్క్రిప్టు పంపేదాన్ని. జవాబు వచ్చేది కాదు. మళ్లీ పంపేదాన్ని, బల్ల గుద్దేదాన్ని. అక్క వచ్చి నా వెనక నిలబడింది. "ఏందే గీ ఆగమాగం? గిప్పుడే పుట్టిన గొర్రెపిల్ల, జర లేచి నిలవడొద్దా? పలుకుతదా లేదా చూసి, అప్పుడు పని చెప్పు," అంది. సర్వర్ పలికేదాకా ఆగమని ఆ రోజు స్క్రిప్టులో నాలుగు వరుసలు చేర్చాం. ఇవాళ్టికీ అవే నడుస్తున్నాయి.

ఒకే స్క్రిప్టును రెండుసార్లు నడిపినా ఫలితం ఒకటే ఉండాలంటారు మా విద్యలో. నాకు ఎన్ని పాఠాలు చదివినా ఎక్కలేదు. అక్కకు ఒక్క ముక్క సరిపోయింది. "పప్పుల అత్త ఉప్పేస్తది, చూడకుంట కోడలూ ఏస్తది. ఇగ గా పప్పు ఎవరు తినాలె? ఏసిందా లేదా చూసి ఏయి."

ఎక్కడైనా ఏదైనా చెడితే నేరుగా సర్వర్‌లోకి దూరి చేత్తో సరిచేయడం నా జబ్బు. రెండు నిమిషాల్లో అయిపోయేదానికి రాతలెందుకని వాదించేదాన్ని. "నువ్వు చేసింది నీ చేతికే ఎరుక. రేపు నువ్వు లేకుంటే ఎవర్ని అడగాలె? రాసిపెట్టు," అనేది. కొట్లాడుకునేవాళ్లం. రెండేసి రోజులు మాటలుండేవి కావు. మూడోనాడు రొట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టి, "నా మీద కోపమైతే రొట్టె ఏం జేసింది, తిను," అనేది. తినేదాన్ని. ఆ తర్వాత రాసిపెట్టేదాన్ని కూడా.

నేను చేసిన పెద్ద తప్పు దాచి అక్క గురించి రాస్తే అది దొంగతనమే అవుతుంది. ఒక దవాఖానలో డయాలసిస్ చేయించుకునేవాళ్ల వంతుల జాబితా మా సర్వర్‌లో ఉండేది. ఎవరు ఏ రోజు రావాలో దాన్నిబట్టే వాళ్ల ఫోన్లకు మెసేజ్ వెళ్లేది. ఒక మధ్యాహ్నం, పరీక్షల కోసం పెట్టుకున్న సర్వర్ అనుకుని, అసలుదాని మీద అంతా తుడిచేసే స్క్రిప్టు నడిపాను. రెండూ చూడ్డానికి ఒకేలాంటి నల్ల తెరలు మరి. జాబితా మొత్తం పోయింది. అక్క ఒక్క తిట్టు తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, వేరేచోట దాచిన నకలు తీసి, సాయంత్రానికల్లా జాబితాను మళ్లీ ఎక్కించింది.

మర్నాడు పొద్దున్నే నన్ను ఆ దవాఖానకు తీసుకెళ్లింది. ఎందుకో చెప్పలేదు. దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలాయన, మమ్మల్ని అక్కడి ఉద్యోగులనుకుని, ఫోన్ నా ముందుకు చాపాడు. "ఇయ్యాల నా నంబర్ ఉన్నదా బిడ్డా? జర చూడు," అన్నాడు. ఉంది. "ఉన్నది తాతా," అని చెప్పబోతే ఏడుపు తన్నుకొచ్చింది. అక్క నన్ను చూడనట్టు పక్కకు తిరిగి నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నియమం పెట్టింది. "ఇయ్యాల్టి సంది ఒక్కరి మాట మీద ఏదీ నడవద్దు. నువ్వు రాసింది నేను చూడాలె, నేను రాసింది నువ్వు చూడాలె. చూసి ఒప్పుకుంటెనే సర్వర్ దాకా పోవాలె."

"నువ్వు రాసింది నేను చూసుడేందక్కా? నువ్వు తప్పు జేస్తవా?"

"నా కండ్లకు నా తప్పు అగుపడదే. గందుకే నువ్వు."

అంత తప్పు చేసిన నా చేతిలో తన పని పెట్టింది! తర్వాత నన్ను ఎవరెన్ని మెచ్చుకున్నా ఆ మాట ముందు దిగదుడుపే. అప్పటినుంచి ఎంత చిన్న మార్పు రాసినా నా ఆమోదం కోసం పంపేది. పంపి, గది అవతలి నుంచి "చూసినవా?" అని కేకేసేది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ కేక వినపడితేనే చూసేదాన్ని. మెయిల్లో కుప్పలుగా వచ్చిపడేవన్నీ ఎవరు తెరుస్తారు!

కిందటి నెల, "కడుపుల చిన్న గడ్డనట, తీసేస్తరు. పది దినాలల్ల వస్త," అని చెప్పి హైదరాబాద్ పోయింది. నమ్మాను. ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడాను. రెండోసారి గొంతు బాగా సన్నబడింది. ఆపరేషన్ సంగతి అడిగితే, "గదంత డాక్టర్ల ఫికర్, మనకెందుకు," అని తోసేసింది. "నీ తాన చూడనియి ఏమన్న ఆగినయా?" అని అడిగింది. "ఏం లేవక్కా, అన్నీ చూసిన," అన్నాను. పచ్చి అబద్ధం. అవి తెరిచి ఎన్నాళ్లయిందో నాకే తెలియదు. "మంచిది బిడ్డా," అంది.

అక్క పోయాక వాళ్ల ఊరికి వెళ్లి వచ్చాను. దినాలు కూడా అయ్యాయి. పదమూడో రోజు ఇక తప్పదని తెర ముందు కూర్చున్నాను. తాళంచెవుల జాబితా తెరిచి ఆమె పేరున్న వరుసను కొట్టేసి పంపబోతే, ఈ మార్పు ఇదివరకే ఎవరో పంపారు, ఆమోదం కోసం ఆగి ఉంది అని వచ్చింది. ఎవరబ్బా అని తెరిచాను.

పంపింది అక్క. దవాఖానకు వెళ్లే ముందు రోజు సాయంత్రం. కొట్టేసింది ఒకటే వరుస, తనది. కారణం రాయాల్సిన చోట తెలుగులో "ఇగ అక్కర లేదు" అని రాసింది. చూడాల్సినవాళ్లు అన్నచోట నా పేరు పెట్టింది. ఆ సాయంత్రం ఒక్కటే ఆమె కేకేయలేదు.

పది దినాలల్ల వస్త అన్న మనిషికి రానని తెలుసు. నోటితో చెప్పలేక, మేమిద్దరం పెట్టుకున్న పద్ధతిలో నాకు చెప్పింది. ఆ రోజే చూసి ఉంటే వెంట పడి పోయేదాన్ని. ఇదేందక్కా అని కొట్లాడేదాన్ని, మంచం పక్కన కూర్చునేదాన్ని. చూడలేదు సరికదా, అన్నీ చూశానని చెప్పాను. "థూ నా బతుకు," అని పైకే అనుకున్నాను. పక్క బల్ల దగ్గరివాళ్లు తలెత్తి చూశారు.

చాలాసేపటికి ఆమోదం నొక్కాను. అక్క పంపిన మార్పు పక్కన పచ్చ గుర్తు పడింది. స్క్రిప్టు ఒక్కొక్క సర్వర్ తలుపూ తట్టింది. ఆరు సర్వర్లు, ఆరూ ఒక మార్పు జరిగిందని చెప్పాయి.

పావుగంటకు ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు. ఎత్తలేకపోయాను. రెండోసారి మోగినప్పుడు ఎత్తాను. బావ. ఎవరైనా ఆమెకు చేస్తారేమోనని ఆ ఫోన్‌కు రోజూ ఛార్జింగ్ పెడుతున్నాడట.

"అమ్మా, ఈమె ఫోన్ల ఏదో వచ్చింది. ఇంగ్లీషు నాకు రాదు గని, పచ్చగ గుర్తు పడ్డది. ఏందది?"

"ఏం లేదు బావా. అక్క ఒక పని పంపింది, నేను ఇప్పుడు ఒప్పుకున్న."

"గదేనా?" అన్నాడు. "దవాఖానల దినాం తెరిచి చూసుకునేది. ఏందే గంత ఫికర్ అంటే, చెల్లె చూడాలె, చూస్తే పచ్చ గుర్తు వస్తది అనేది. ఆఖరికి చెయ్యి లేవకుంటే నన్ను చూడమన్నది. రాలేదని చెప్పిన. 'పనిల ఉన్నట్టుంది పోరి, పోనీ తీయ్' అన్నది."

అటువైపు గొర్రెలు అరుస్తున్నాయి. బావ వాటిని అదిలించలేదు, ఫోనూ పెట్టలేదు.

"వచ్చింది గదమ్మా ఇగ," అన్నాడు.

ఇద్దరం ఫోన్లు చెవికి పెట్టుకుని, మంద అరుపు వింటూ అట్లాగే ఉండిపోయాం.