మిగతా మాటలు ఎవరివని అడిగిన జడ్జిగారు

మా జడ్జిగారు పోయారని నిన్న పొద్దున ఆఫీసు తాళం తీస్తుండగా వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పారు. తలుపు తెరిచానే గానీ చాలాసేపు లోపలికి అడుగు పడలేదు.

ఆయన కువైటీ. కోర్టులో జడ్జిగా రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక వకీలు ఆఫీసు పెట్టుకున్నారు. నేను రాయచోటిదాన్ని. ఇళ్లల్లో పనిచేస్తూ నేర్చుకున్న వంటింటి అరబీ నాది. దాన్ని నమ్మి నన్ను దుబాసీగా పెట్టుకున్నారు. "చదువుకున్నవాళ్ల అరబీ కోర్టులో చాలా విన్నాను బింతీ. నాకు ఇళ్లల్లో పనిచేసేవాళ్ల గొంతు వినాలనుంది" అన్నారు. బింతీ అంటే బిడ్డా అని.

వచ్చిన మనిషి తన భాషలో మొత్తం చెప్పేదాకా నన్ను నోరు మెదపనిచ్చేవారు కాదు. తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆ ముఖంలోకే చూస్తూ కూర్చునేవారు, ముందున్న టీ చల్లారిపోయేది. "జడ్జిగా ఉన్నప్పుడు తీరిక లేదు. ఇప్పుడుంది" అనేవారు.

ఒకసారి మా ఊరివైపు అమ్మాయి కేసు వచ్చింది. పనిచేసే ఇంటినుంచి పారిపోయిందని ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, కంప్లైంట్ ఇస్తే, ఫింటాస్‌లో చెల్లెలి గదిలో పోలీసులు పట్టుకున్నారు. మీలో ఇక్కడ కువైట్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, అది నిలబడితే దేశం దాటిస్తారు, మళ్లీ రానివ్వరు. ఆమెను ఉంచిన చోటికి ఇద్దరం వెళ్లాం.

"చెల్లెలికి జరమొస్తే పొయ్యొస్తానంటి. మామా సరేననింది అక్కా. ఆయమ్మ ఉమ్రాకు పాయ. బాబాకు నేను చెప్పల్యా, అంతే" అంది. పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తాం.

నాకది చప్పగా తోచింది. ఇంతమాత్రానికి ఎవరు జాలిపడతారు? మామా కొట్టేదనీ, తిండి సరిగా పెట్టేది కాదనీ నా సొంత మసాలా కలిపి చెప్పాను.

జడ్జిగారు నావైపు తిరిగారు. "ఆమె నాలుగు మాటలు చెప్పింది, నువ్వు నలభై చెప్పావు. మిగతావి ఎవరివి?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. "నీ మాట రాసుకుని ఉంటే ఆ మామా మనకు శత్రువయ్యేది. నిజం రాసుకుంటే ఆవిడే మన సాక్షి" అన్నారు.

మామా మక్కాకు వెళ్లి ఉమ్రా యాత్ర ముగించుకుని వచ్చిన రోజే ఆయన స్వయంగా ఆ ఇంటికి వెళ్లారు. "నేనే పంపాను. మీకు చెప్పడం మరిచాను" అని ఆవిడ మొగుడి ఎదుటే ఒప్పుకుంది. మర్నాడు ఇద్దరూ వచ్చి కంప్లైంట్ వెనక్కి తీసుకున్నారు. అంత పెద్దమనిషి దగ్గర పనిచేశానన్న గర్వం ముందు నాకు ఏడుపు కూడా రావడం లేదు.

ఒకప్పుడు ఆయన ఫైళ్లు మోయడానికే మనుషులుండేవారట. పోలీసులు ఆ అమ్మాయిని వదిలిన మధ్యాహ్నం, ఆమె బట్టల సంచికి నేను చెయ్యి చాపేలోగా ఆయనే అందుకున్నారు. ఒంటిమీది తెల్లటి పొడుగు అంగీకి, ఆ దిష్‌దాషాకు, దుమ్మంటుతుందన్నా వినలేదు. మోకాళ్ల నొప్పితో, మండే ఎండలో, ఆ సంచి పట్టుకుని ఆమె పక్కనే, ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన మామా కారుదాకా నడిచారు.