టిష్యూల పెట్టె

చదువులో వెనకబడిన పిల్లలకు బడి ఏ సాయం చేయాలో తేల్చే సమావేశాలన్నీ, ఒక జిల్లా బడుల ఆఫీసులో పంతొమ్మిదేళ్లుగా లొరెట్టా ప్యాటెకే జరిపిస్తోంది. కళ్లజోడు మెడలో గొలుసుకు వేలాడుతుంటుంది. కాఫీ చల్లారాక తాగుతుంది. తల్లి వచ్చి కూర్చోగానే తల్లిదండ్రుల హక్కుల పుస్తకం చేతికిస్తుంది, ఎవరూ చదవరని తెలిసినా. సైకాలజిస్టు గ్రెగ్ పరీక్షల ఫలితాలు చదువుతూ తల్లులకు ఏడుపొచ్చే మూడో పేజీకి రాగానే, టిష్యూల పెట్టెను రెండు వేళ్లతో తల్లి వైపు జరుపుతుంది. ముఖంలో ఏమీ కదలదు.

మార్చిలో ఒక మంగళవారం తల్లులు కూర్చునే కుర్చీలో తనే కూర్చుంది. తను పెంచుతున్న మనవరాలు డెలైలాకు ఏడేళ్లొచ్చినా అక్షరాలు గుర్తుండడం లేదు. గ్రెగ్ హక్కుల పుస్తకం తీసి ఆగాడు.

"నీకెందుకులే, నీకు కంఠతా వచ్చుగా."

"ఇవ్వాలి కదా, ఇచ్చెయ్."

ఇచ్చి, ఫలితాలు చదవసాగాడు. మూడో పేజీ రాగానే లొరెట్టా రెండు వేళ్లతో పెట్టెను అతని వైపు జరిపింది.

"లొరెట్టా, అది నీ కోసం," అంటూ గ్రెగ్ దాన్ని మెల్లగా వెనక్కి తోశాడు.

ఆమె పెట్టెను ముట్టుకోకుండా పెన్ను తీసింది.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది.

కాగితాల చివర సంతకం చోట పసుపు చీటీ అంటించి ఉంది. పొద్దున అంటించింది తనే.